ఖాళీగా కూర్చున్న కనెక్షన్లు: కోల్డ్ స్టోరేజీ సర్వర్ డైరీ

గుంటూరు చుట్టుపక్కల కొన్ని మిర్చి కోల్డ్ స్టోరేజీలు కలిసి వాడుకునే సాఫ్ట్‌వేర్ ఇది. బండి గేటు దాటాక కాటా బరువు, టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క ఎక్కించి రైతుకు బాండు (నిల్వ రసీదు) ప్రింట్ చేసి ఇవ్వడం దాని పని. మార్చి, ఏప్రిల్‌లో పొద్దున 9 నుంచి మధ్యాహ్నం దాకా రద్దీ. సరిగ్గా ఆ టైంలోనే డేటాబేస్ కొత్త కనెక్షన్ (సాఫ్ట్‌వేర్ దాంతో మాట్లాడే దారి) ఇవ్వనంటోంది. సీపీయూ మాత్రం 20 శాతం కూడా దాటడం లేదు.

ఇదే రకం సెటప్ ఉన్నవాళ్లు మేం చేసింది చేసినట్టు దింపుకోవాలని, మాకు పనికిరాని దారుల్లో టైం పోగొట్టుకోకూడదని ఇది రాస్తున్నాను. సెట్టింగుల పేర్లు తెలుగులో రాశాను. టైపు చేసేటప్పుడు అండర్‌స్కోర్లు ఉన్నచోట ఉంచండి.

దశ 0: ఉన్న సెటప్, కాగితం మీద లెక్క

1. డేటాబేస్ సర్వర్: 4 కోర్లు, 8 జీబీ ర్యామ్, ఉబుంటు, పోస్ట్‌గ్రెస్ 15 (డేటాబేస్ సాఫ్ట్‌వేర్). మ్యాక్స్_కనెక్షన్స్ (ఒకేసారి తెరవగల కనెక్షన్లు) డిఫాల్ట్‌గా 100. అందులో 3 సూపర్‌యూజర్ (అన్ని అధికారాలున్న అడ్మిన్) కోసం పక్కన పెడుతుంది. మనకు మిగిలేవి 97.
2. వెబ్ సర్వర్లు 2. జాంగో 4.2 (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్), దాన్ని నడిపే గూనికార్న్. ఒక్కో సర్వర్‌లో 9 వర్కర్లు, వర్కర్‌కి 4 థ్రెడ్లు.
3. సెలరీ (వెనక నడిచే పనులు చేసేది): 12 ప్రాసెస్‌లు.
4. రిపోర్ట్ సర్వీస్: ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ (పైథాన్ డేటాబేస్ లైబ్రరీ). పూల్ (తెరిచి దాచుకునే కనెక్షన్లు) సైజు 5, ఓవర్‌ఫ్లో (అవసరమైతే అదనం) 10. రెండూ డిఫాల్ట్ విలువలే.
5. అకౌంట్స్ వాళ్ల రిపోర్ట్ టూల్: పూల్ గరిష్ఠం 15.

జాంగోలో కనెక్షన్ థ్రెడ్‌కి ఒకటి. కాబట్టి వెబ్ వైపు 2 × 9 × 4 = 72. దానికి 12, 15, 15 కలిపితే 114.

లెక్క: కావాల్సి రాగలవి 114. ఉన్నవి 97.

అందరూ ఒకేసారి అడిగిన రోజున ఎర్రర్ రావాల్సిందే. వచ్చే ఎర్రర్ కూడా గమనించండి. మాకు వస్తున్నది "రిమైనింగ్ కనెక్షన్ స్లాట్స్ ఆర్ రిజర్వ్‌డ్ ఫర్ నాన్-రెప్లికేషన్ సూపర్‌యూజర్ కనెక్షన్స్". అంటే 97 అయిపోయాయి, ఆ 3 ఇంకా ఉన్నాయి, మనం లోపలికి వెళ్లి చూడొచ్చు. అదే "సారీ, టూ మెనీ క్లయింట్స్ ఆల్రెడీ" వస్తే ఆ 3 కూడా పోయినట్టు. అప్లికేషన్ సూపర్‌యూజర్‌గా లాగిన్ అవుతుంటే ఇలాగే జరుగుతుంది, అప్పుడు రిపేరు చేసేవాడికి కూడా దారి ఉండదు. మీ అప్లికేషన్ ఏ యూజర్‌తో కనెక్ట్ అవుతోందో ముందు అది చూసుకోండి.

దశ 1: కొలత

నిమిషానికోసారి పీజీ_స్టాట్_యాక్టివిటీ (ఇప్పుడున్న కనెక్షన్ల పట్టిక) నుంచి లెక్క తీసి సీఎస్‌వీ ఫైల్లో రాసే చిన్న స్క్రిప్ట్ పెట్టాం. మూడు జాగ్రత్తలు:

1. బ్యాకెండ్_టైప్ "క్లయింట్ బ్యాకెండ్" ఉన్న వరుసలే లెక్కపెట్టాలి. లేకపోతే ఆటోవాక్యూమ్, వాల్ రైటర్ లాంటి పోస్ట్‌గ్రెస్ సొంత ప్రాసెస్‌లు కూడా కలిసిపోతాయి.
2. స్క్రిప్ట్ డేటాబేస్ సర్వర్ మీదే, లోకల్ సాకెట్ ద్వారా సూపర్‌యూజర్‌గా నడవాలి. స్లాట్లు నిండిన నిమిషంలోనే మనకు కొలత కావాలి, అప్పుడే స్క్రిప్ట్ బయట ఉండిపోతే లాభం లేదు.
3. ప్రతి సర్వీస్‌కీ కనెక్షన్ సెట్టింగుల్లో అప్లికేషన్_నేమ్ పెట్టాలి. మేం పెట్టేదాకా అన్నీ ఒకే యూజర్, రెండు మూడు ఐపీలు. ఎవరివి ఎన్నో తేలేది కాదు.

రద్దీ రోజున 11:20కి వచ్చిన కొలత:

- వెబ్: 64 (యాక్టివ్ 3, ఐడిల్ 53, ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ 8)
- సెలరీ: 12 (యాక్టివ్ 1, ఐడిల్ 11)
- రిపోర్ట్ సర్వీస్: 9 (యాక్టివ్ 1, ఐడిల్ 6, ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ 2)
- రిపోర్ట్ టూల్: 8, అన్నీ ఐడిల్
- పీజీఅడ్మిన్ (మనుషులు డేటాబేస్ చూసే టూల్): 1, ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్

లెక్క: మొత్తం 94. పని చేస్తున్నవి 5. ఖాళీగా ఉన్నవి 78. ట్రాన్సాక్షన్ (అన్నీ కలిసి సేవ్ అవ్వాల్సిన క్వెరీల గుంపు) తెరిచిపెట్టి ఊరుకున్నవి 11.

బస్సులో కర్చీఫ్ వేసి సీటు ఆపినట్టు, 97 సీట్లలో 89 పని చేయని వాళ్ల చేతుల్లో ఉన్నాయి.

అదే రాత్రి 11 గంటలకు, సైట్‌లో ఒక్క యూజర్ కూడా లేనప్పుడు, మొత్తం 77. ఇది మొదట అర్థం కాలేదు. జాంగోలో కాన్_మ్యాక్స్_ఏజ్ 600 ఉంది. పది నిమిషాలకు కనెక్షన్ మూసుకోవాలి కదా?

మూసుకోదు. కాన్_మ్యాక్స్_ఏజ్ అలారం కాదు. ఒక రిక్వెస్ట్ మొదలైనప్పుడు, అయిపోయినప్పుడు మాత్రమే జాంగో ఆ థ్రెడ్ కనెక్షన్ వయసు చూస్తుంది. ఆ థ్రెడ్‌కి రాత్రంతా రిక్వెస్ట్ రాకపోతే కనెక్షన్ తెల్లారేదాకా అలాగే ఉంటుంది. ఎస్‌క్యూఎల్ ఆల్కెమీలో పూల్_రీసైకిల్ కూడా అంతే, పూల్ నుంచి కనెక్షన్ బయటికి తీసేటప్పుడే వయసు చూస్తుంది. "టైమౌట్ పెట్టాం కదా" అని ధీమాగా ఉండే చోట, ఆ టైం దాటిందని ఎవరు చూస్తారు, ఎప్పుడు చూస్తారు అని కనుక్కోవడం చాలా అవసరం. మాకు సగం సమస్య అక్కడే విడిపోయింది.

దశ 2: సర్వర్ వైపు నుంచి చంపి చూడటం (తీసేశాం)

చాలామంది మొదట చెప్పే మందు ఇదే: 5 నిమిషాలు దాటిన ఐడిల్ కనెక్షన్లను క్రాన్‌లో (టైం ప్రకారం నడిచే పనుల్లో) పీజీ_టెర్మినేట్_బ్యాకెండ్‌తో చంపెయ్యడం. పెట్టి చూశాం. కనెక్షన్ల సంఖ్య నిజంగానే 30 లోపుకు దిగింది. వెంటనే కోల్డ్ స్టోరేజీల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. "సార్, సేవ్ కొడితే ఎర్రర్ వస్తోంది. రెండోసారి కొడితే పోతోంది."

రెండోసారి ఎందుకు పోతోందంటే, చచ్చిన కనెక్షన్ సంగతి జాంగోకు తెలియదు. ఆ థ్రెడ్‌కు వచ్చిన తర్వాతి రిక్వెస్ట్‌లో మొదటి క్వెరీ "టెర్మినేటింగ్ కనెక్షన్ డ్యూ టు అడ్మినిస్ట్రేటర్ కమాండ్" అని పడిపోతుంది, యూజర్‌కి 500 ఎర్రర్ వెళుతుంది. రిక్వెస్ట్ ముగిశాక జాంగో ఆ కనెక్షన్‌ను పారేసి తర్వాత కొత్తది తెరుస్తుంది. అంటే మనం చంపిన ప్రతి కనెక్షన్‌కూ ఒక యూజర్‌కి ఒక ఎర్రర్. బాండు మీద సేవ్ కొట్టే మనిషి వెనక బండ్లు లైన్‌లో ఉంటాయి, రైతులు ఎండలో నిలబడి ఉంటారు. ఈ బేరం మాకు వద్దు.

పోస్ట్‌గ్రెస్ 14లో వచ్చిన ఐడిల్_సెషన్_టైమౌట్ చేసేదీ ఇదే పని, క్రాన్ లేకుండా. అందుకే దాన్ని అప్లికేషన్ రోల్స్‌కి (డేటాబేస్ యూజర్లకి) పెట్టలేదు. మనుషులు పీజీఅడ్మిన్‌తో వచ్చే రోల్‌కి మాత్రం 30 నిమిషాలు పెట్టాం. మనిషైతే మళ్లీ కనెక్ట్ అవుతాడు.

జాంగో 4.1 నుంచి కాన్_హెల్త్_చెక్స్ అనే సెట్టింగ్ ఉంది. ఆన్ చేస్తే ప్రతి రిక్వెస్ట్‌లో మొదటి క్వెరీకి ముందు కనెక్షన్ బతికి ఉందో లేదో చూస్తుంది. అది ఆన్ చేసి ఉంచాం. కానీ దాన్ని నమ్ముకుని సర్వర్ వైపు నుంచి చంపడం మళ్లీ మొదలుపెట్టలేదు. ఖాళీ కనెక్షన్‌ను తెరిచినవాడే ముందు మూయాలి, సర్వర్ టైమౌట్ ఎప్పుడూ దానికంటే పొడుగ్గా ఉండాలి. ఇక్కడి నుంచి చేసిన మార్పులన్నిటికీ ఈ వరసే ఆధారం.

దశ 3: ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్

సంఖ్య చిన్నది, 11. కానీ హాని అంతా దీంట్లోనే ఉంది. మామూలు ఐడిల్ కనెక్షన్ ఒక స్లాట్, కాస్త మెమరీ తింటుంది, అంతే. ట్రాన్సాక్షన్ తెరిచి ఊరుకున్నది మాత్రం అప్పటిదాకా తీసుకున్న లాక్‌లన్నీ పట్టుకుని ఉంటుంది. అందులో ఏదైనా రాసి ఉంటే, ఆ తర్వాత చచ్చిన వరుసలను వాక్యూమ్ శుభ్రం చేయలేదు.

ఎంత హానో ఒక మైగ్రేషన్ (టేబుళ్ల రూపం మార్చే పని) రోజున కళ్లారా చూశాం. బాండ్ల టేబుల్‌కు ఒక కాలమ్ కలపాలి. పోస్ట్‌గ్రెస్ 11 నుంచి డిఫాల్ట్ విలువతో కాలమ్ కలపడం కూడా క్షణాల పనే, కానీ ఆ క్షణానికి టేబుల్ మీద యాక్సెస్ ఎక్స్‌క్లూజివ్ లాక్ (ఇంకెవర్నీ ముట్టనివ్వని లాక్) కావాలి. రిపోర్ట్ సర్వీస్‌లో ఒక కనెక్షన్ ఎప్పుడో ఒక సెలెక్ట్ నడిపి ట్రాన్సాక్షన్ మూయకుండా కూర్చుంది. ఆల్టర్ టేబుల్ దాని వెనక ఆగింది. ఆల్టర్ వెనక ఆ టేబుల్‌ను చదివే ప్రతి సెలెక్టూ ఆగింది. రెండు నిమిషాల్లో యాక్టివ్ సంఖ్య 5 నుంచి 61కి ఎక్కింది, అన్నిటి వెయిట్_ఈవెంట్_టైప్ "లాక్". పీజీ_బ్లాకింగ్_పిడ్స్‌తో వెనక్కి వెతుక్కుంటూ పోతే అన్నీ ఆ ఒక్క రిపోర్ట్ కనెక్షన్ దగ్గర తేలాయి.

తర్వాత ఎక్స్‌యాక్ట్_స్టార్ట్ (ట్రాన్సాక్షన్ మొదలైన టైం) నుంచి ఎంతసేపైందో లెక్క తీసి, ఒక్కో దాని చివరి క్వెరీ చూశాం. మూడు రకాలు దొరికాయి.

రిపోర్ట్ సర్వీస్: సైకోపీజీ2లో (పోస్ట్‌గ్రెస్‌కి పైథాన్ డ్రైవర్) ఆటోకమిట్ లేకపోతే సెలెక్ట్‌కి కూడా ట్రాన్సాక్షన్ మొదలవుతుంది. కోడ్‌లో సెషన్ తెరిచి, డేటా తెచ్చుకుని, సెషన్ మూయకుండానే ఎక్సెల్ ఫైల్ తయారు చేస్తోంది. పెద్ద రిపోర్ట్‌కి అది చాలా నిమిషాలు. డేటా రాగానే సెషన్ మూసి, ఆ తర్వాత ఎక్సెల్ పని మొదలుపెట్టేలా మార్చాం.

పీజీఅడ్మిన్: ఆటో కమిట్ ఆపి ఒక ట్యాబ్ తెరిచి ఉంచారు. ఆన్ చేయమని చెప్పాం.

వెబ్: ఇదే అసలుది. బాండు సేవ్ అంతా ట్రాన్సాక్షన్.అటామిక్ లోపల ఉంది. ఆ బ్లాక్‌లోనే, ఇన్సర్ట్ అయ్యాక, రైతు ఫోన్‌కి ఎస్సెమ్మెస్ పంపే కాల్ ఉంది. పైథాన్ రిక్వెస్ట్స్ లైబ్రరీకి మనం చెప్పకపోతే టైమౌట్ లేదు, అవతలి గేట్‌వే జవాబివ్వకపోతే ఎంతసేపైనా ఆగుతుంది. మాకు దొరికినవాటిలో పొడుగైనది 47 నిమిషాలు. గూనికార్న్ టైమౌట్ 30 సెకన్లు ఉంది కదా, వర్కర్‌ని చంపలేదేం అని వెతికితే, థ్రెడ్ వర్కర్లలో ఆ టైమౌట్ ఒక్కో రిక్వెస్ట్‌కి వర్తించదు. వర్కర్ ప్రాసెస్ తాను బతికే ఉన్నానని చెబుతూ ఉంటే చాలు. ఇరుక్కున్న థ్రెడ్‌ను ఎవరూ పట్టించుకోరు.

మార్చినవి:

1. ఎస్సెమ్మెస్ కాల్‌ను సెలరీ టాస్క్‌గా చేశాం. దాన్ని ట్రాన్సాక్షన్.ఆన్_కమిట్ నుంచి పిలుస్తున్నాం. కమిట్ అయ్యాకే టాస్క్ క్యూలోకి వెళుతుంది, బాండు సేవ్ కాకుండానే మెసేజ్ వెళ్లే ప్రమాదం కూడా పోయింది.
2. ఆ కాల్‌కి టైమౌట్: కనెక్ట్ అవడానికి 3 సెకన్లు, జవాబుకి 10 సెకన్లు.
3. ఐడిల్_ఇన్_ట్రాన్సాక్షన్_సెషన్_టైమౌట్: వెబ్ రోల్‌కి 30 సెకన్లు, రిపోర్ట్ రోల్‌కి 5 నిమిషాలు. ఆల్టర్ రోల్ ద్వారా పెట్టాం, సర్వర్ మొత్తానికి కాదు.
4. మైగ్రేషన్ నడిపే రోల్‌కి లాక్_టైమౌట్ 3 సెకన్లు. లాక్ దొరకకపోతే మైగ్రేషనే తప్పుకుంటుంది, ట్రాఫిక్ ఆగదు. కాసేపాగి మళ్లీ నడుపుకోవచ్చు.

మూడో దాంట్లో రెండు గుంటలున్నాయి. ఒకటి, యూనిట్ రాయకపోతే పోస్ట్‌గ్రెస్ దాన్ని మిల్లీసెకన్లుగా తీసుకుంటుంది. 30 అని రాస్తే 30 మిల్లీసెకన్లు, మంచి ట్రాన్సాక్షన్లు కూడా మధ్యలో తెగిపోతాయి. కొటేషన్లలో '30ఎస్' అని యూనిట్‌తో రాయండి. రెండు, ఆల్టర్ రోల్‌తో పెట్టినవి కొత్తగా తెరిచే కనెక్షన్లకే వర్తిస్తాయి. పాతవి పాత విలువతోనే నడుస్తాయి, కాబట్టి గూనికార్న్, సెలరీ రీస్టార్ట్ చేయాలి. బ్యాకప్‌కి ఇబ్బంది లేదు, పీజీ_డంప్ తన సెషన్‌లో ఈ టైమౌట్‌ను తానే సున్నా చేసుకుంటుంది.

లెక్క (రద్దీ టైం): మొత్తం 90. యాక్టివ్ 5, ఐడిల్ 85, ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ 0.

మొత్తం పెద్దగా తగ్గలేదు. థ్రెడ్లు అన్నే ఉన్నాయి కాబట్టి తగ్గదు కూడా. కానీ మైగ్రేషన్ అంటే ఉండే టెన్షన్ పోయింది. పేజీలు ఉన్నట్టుండి ఆగిపోవడం పోయింది. ఇక్కడితో ఆపేసినా చాలా సర్వర్లకు సరిపోతుందని నా అభిప్రాయం.

దశ 4: మ్యాక్స్_కనెక్షన్స్ పెంచడం (వద్దనుకున్నాం)

100ని 300 చేస్తే అయిపోతుంది కదా అని టీంలో అడిగారు. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి కనెక్షన్ ఒక విడి ప్రాసెస్. మెమరీ ఎంతో కొలిచాం. టాప్ కమాండ్‌లో కనిపించే ఆర్‌ఎస్‌ఎస్ (ప్రాసెస్ మెమరీ లెక్క) నమ్మకండి, షేర్డ్ బఫర్లు అందులో ప్రతి ప్రాసెస్‌కీ మళ్లీ మళ్లీ కలుస్తాయి. ప్రాసెస్ ఐడీ కింద స్మ్యాప్స్_రోలప్ ఫైల్లో ప్రైవేట్ మెమరీ చూడాలి. చాలాసేపు బతికిన మా వెబ్ కనెక్షన్లు ఒక్కోటి 9 నుంచి 14 ఎంబీ. 8 జీబీ మెషిన్‌లో 300 ఖాళీ కనెక్షన్లకే 2.7 నుంచి 4.2 జీబీ దాకా పోతుంది. పైగా 4 కోర్ల మీద నిజంగా 100 క్వెరీలు ఒకేసారి వచ్చిపడితే అన్నీ నెమ్మదిస్తాయి. యాక్టివ్ 5 దాటని చోట 300 ఎందుకు?

దశ 5: పీజీబౌన్సర్

అప్లికేషన్లకీ పోస్ట్‌గ్రెస్‌కీ మధ్య నిలబడి కనెక్షన్లు పంచే ప్రోగ్రాం ఇది. డేటాబేస్ సర్వర్ మీదే పెట్టాం, పోర్టు 6432. పూల్_మోడ్ ట్రాన్సాక్షన్. అంటే ట్రాన్సాక్షన్ నడిచినంతసేపే అసలు కనెక్షన్ ఇస్తుంది, అవగానే వెనక్కి తీసుకుని ఇంకొకరికి ఇస్తుంది. జాంగో థ్రెడ్ ఖాళీగా ఉన్నా అది పట్టుకున్నది పీజీబౌన్సర్ వైపు తేలికైన కనెక్షన్ మాత్రమే.

ఒకే డేటాబేస్‌కి మూడు పేర్లు రాశాం: బాండ్_వెబ్, బాండ్_సెలరీ, బాండ్_రిపోర్ట్. పూల్ సైజులు 10, 6, 4. ఇలా విడదీస్తే రిపోర్టులు ఎంత పెరిగినా గేటు దగ్గర బాండు పని ఆగదు. ఈ విడదీత నాకు అన్నిటికంటే ముఖ్యం. డిఫాల్ట్ పూల్ ఒక్కటే పెట్టి వదిలేయొద్దు.

మిగతా విలువలు:

1. మ్యాక్స్_క్లయింట్_కాన్ 300. డిఫాల్ట్ 100 ఉంచితే మా 114 లెక్కకి ఇక్కడే మళ్లీ ఎర్రర్ వస్తుంది.
2. సర్వర్_ఐడిల్_టైమౌట్ (ఖాళీగా ఉన్న అసలు కనెక్షన్‌ను మూసే టైం) 240. డిఫాల్ట్ 600.
3. క్వెరీ_వెయిట్_టైమౌట్ (పూల్‌లో చోటు కోసం ఆగే టైం) 15. డిఫాల్ట్ 120. ఎన్జినెక్స్ (జాంగో ముందు నిలబడే వెబ్ సర్వర్) ప్రాక్సీ_రీడ్_టైమౌట్ 60 సెకన్లకే చేతులెత్తేస్తుంది. 60 దాటాక కూడా క్యూలో నిలబడే క్వెరీ ఎవరి కోసం?

ఇవన్నీ సెకన్లు. పోస్ట్‌గ్రెస్‌లో మిల్లీసెకన్లు, పీజీబౌన్సర్‌లో సెకన్లు, జాంగోలో సెకన్లు. ఒక దాంట్లోంచి ఇంకో దాంట్లోకి విలువ కాపీ చేసేటప్పుడు ప్రతిసారీ ఆగి చూసుకోండి.

టెస్ట్ సర్వర్‌లో పడిపోయినవి, ఒక్కోటిగా:

స్టార్టప్ పారామీటర్. జాంగో కనెక్షన్ ఆప్షన్స్‌లో స్టేట్‌మెంట్_టైమౌట్ ఇచ్చి ఉంది. పీజీబౌన్సర్ "అన్‌సపోర్టెడ్ స్టార్టప్ పారామీటర్" అని కనెక్షనే ఇవ్వలేదు. అక్కడ తీసేసి ఆల్టర్ రోల్‌కి మార్చాం: వెబ్‌కి 20 సెకన్లు, రిపోర్ట్‌కి 2 నిమిషాలు, సెలరీకి 10 నిమిషాలు. ఇక మీదట ఆల్టర్ రోల్ మార్చినప్పుడల్లా పీజీబౌన్సర్ అడ్మిన్ కన్సోల్‌లో రీకనెక్ట్ కొట్టాలి, లేకపోతే అసలు కనెక్షన్లు పాత విలువతోనే ఉంటాయి.

సర్వర్ సైడ్ కర్సర్ (జవాబును ముక్కలుగా తెచ్చుకునేది). జాంగోలో ఇటరేటర్ వాడిన స్టాక్ లిస్టు "కర్సర్ డజ్ నాట్ ఎగ్జిస్ట్" అని పడిపోయింది. కర్సర్ ఒక కనెక్షన్‌లో పుట్టింది, తర్వాతి ఫెచ్ ఇంకో కనెక్షన్‌కి వెళ్లింది. డిసేబుల్_సర్వర్_సైడ్_కర్సర్స్ ట్రూ చేశాం.

అడ్వైజరీ లాక్ (కోడ్ తనకు తానే అడిగి పెట్టుకునే లాక్). అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే, ఎందుకంటే ఎర్రర్ రాదు. బాండు నంబర్లు వరుసగా, తప్పిపోకుండా రావాలని పీజీ_అడ్వైజరీ_లాక్ తీసుకుని, నంబర్ ఇచ్చాక అన్‌లాక్ చేసే కోడ్ ఉంది. ఇది సెషన్‌కు సంబంధించిన లాక్. ట్రాన్సాక్షన్ మోడ్‌లో లాక్ ఒక కనెక్షన్‌లో పడి, అన్‌లాక్ ఇంకో దానికి వెళుతుంది. అన్‌లాక్‌కి వచ్చేది ఒక వార్నింగ్ మాత్రమే: "యూ డోంట్ ఓన్ ఎ లాక్ ఆఫ్ టైప్ ఎక్స్‌క్లూజివ్‌లాక్". మొదటి లాక్ అలాగే ఉండిపోతుంది, తర్వాత బాండు తీసేవాళ్లంతా ఆగిపోతారు. టెస్ట్‌లో ఒక్క మనిషి నొక్కితే ఇది బయటపడదు, ఎందుకంటే మళ్లీ అదే కనెక్షన్ దొరుకుతుంది. ఒకేసారి 20 రిక్వెస్టులు పంపితేనే కనిపించింది. పీజీ_అడ్వైజరీ_ఎక్స్‌యాక్ట్_లాక్‌కి మార్చాం. ట్రాన్సాక్షన్ ముగియగానే అదే వదిలేస్తుంది, విడిగా అన్‌లాక్ అక్కర్లేదు. మీరు ట్రాన్సాక్షన్ మోడ్‌కి మారే ముందు కోడ్ మొత్తంలో అడ్వైజరీ, లిజన్, టెంప్ టేబుల్, సెషన్ స్థాయి సెట్ అనే మాటల కోసం వెతకండి.

మైగ్రేషన్లు, బ్యాకప్ పీజీబౌన్సర్ ద్వారా పంపడం లేదు. అవి నేరుగా 5432కే.

లైవ్‌లో పెట్టాక పొద్దున రద్దీలో షో పూల్స్ చూస్తే బాండ్_వెబ్‌లో సీఎల్_వెయిటింగ్ (కనెక్షన్ కోసం ఆగినవి) 3 నుంచి 7, మ్యాక్స్‌వెయిట్ 2 సెకన్లు. అంటే 10 చాలడం లేదు. 16కి పెంచితే వెయిటింగ్ సున్నా అయింది. కానీ ఎందుకు చాలలేదో చూడకుండా వదిలేయాలనిపించలేదు. ఎస్‌వీ_యాక్టివ్ (వాడకంలో ఉన్న అసలు కనెక్షన్లు) నిండిన నిమిషాల్లో నడుస్తున్న క్వెరీలు చూస్తే సగం ఒకటే: రైతు పాత నిల్వ చూపించే లెడ్జర్ క్వెరీ, ఒక్కోసారి 1.8 సెకన్లు. పార్టీ, సీజన్ కాలమ్స్ మీద ఇండెక్స్ వేశాక 40 మిల్లీసెకన్లకు వచ్చింది. పూల్‌ను 12కి దించాం, వెయిటింగ్ సున్నాలోనే ఉంది. పూల్ చిన్నగా ఉండటం వల్లే ఈ క్వెరీ బయటపడింది. 97 కనెక్షన్ల కాలంలో అది ఎప్పుడూ కళ్లబడలేదు.

లెక్క: పూల్ గరిష్ఠం 12 + 6 + 4 = 22. రద్దీ టైంలో పోస్ట్‌గ్రెస్ వైపు కనిపించేవి 19. యాక్టివ్ 4, ఐడిల్ 15. రాత్రి 11కి 3.

కాన్_మ్యాక్స్_ఏజ్ 600 నుంచి 60కి తగ్గించాం. సున్నా చేయొచ్చు, కానీ ప్రతి రిక్వెస్ట్‌కీ పాస్‌వర్డ్ సరిచూసే పని మళ్లీ జరుగుతుంది.

దశ 6: భోజనం తర్వాత ఆగిపోయే రిపోర్ట్

అకౌంట్స్ ఆఫీసు వేరే ఊళ్లో ఉంది. రిపోర్ట్ సర్వీస్ అక్కడి లైనక్స్ మెషిన్‌లో నడుస్తుంది, మధ్యలో ఫైర్‌వాల్. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చాక మొదటి రిపోర్ట్ దాదాపు పావుగంట కదలదు, ఆ తర్వాత ఎర్రర్ ఇస్తుంది. డేటాబేస్‌లో ఆ క్వెరీ వచ్చిన జాడే ఉండదు.

వెతికిన తీరు:

1. ఆ మెషిన్ నుంచి పీఎస్‌క్యూఎల్‌తో కనెక్షన్ తెరిచి సెలెక్ట్ 1 నడిపాం.
2. 3 నిమిషాలు ఆగి మళ్లీ. జవాబు వచ్చింది.
3. కొత్త కనెక్షన్, 5 నిమిషాలు. వచ్చింది.
4. కొత్త కనెక్షన్, 10 నిమిషాలు. కదలలేదు.
5. కొత్త కనెక్షన్, 6 నిమిషాలు. కదలలేదు.

5కీ 6కీ మధ్య ఎక్కడో ఫైర్‌వాల్ ఆ కనెక్షన్‌ను మరిచిపోతోంది, రెండు వైపులా ఒక్క ముక్క చెప్పకుండా. ఇది మామూలే. అమెజాన్ నాట్ గేట్‌వేకి ఈ హద్దు 350 సెకన్లు, అజూర్ లోడ్ బ్యాలెన్సర్‌కి డిఫాల్ట్ 4 నిమిషాలు. మీ దారిలో ఏముందో తెలియకపోతే పైన చెప్పినట్టు కొలవండి.

ఆ పావుగంట ఎక్కడిదంటే, పంపిన ప్యాకెట్‌కి జవాబు రాకపోతే లైనక్స్ డిఫాల్ట్‌గా 15 సార్లు తిరిగి పంపుతుంది. ఒక్కోసారికీ విరామం పెరుగుతూ పోతుంది, అన్నీ కలిపితే సుమారు 924 సెకన్లు. అవతల సర్వర్ వైపు పరిస్థితి ఇంకా ఘోరం. అది ఏమీ పంపడం లేదు కాబట్టి కీపలైవ్ (అవతలివాళ్లు ఉన్నారా అని పంపే ప్యాకెట్) చెప్పేదాకా దానికి తెలియదు. లైనక్స్ కీపలైవ్ మొదలయ్యేది 7,200 సెకన్లకు, ఆ తర్వాత 75 సెకన్ల చొప్పున 9 సార్లు. మొత్తం 7,875 సెకన్లు, 2 గంటల 11 నిమిషాలు. దశ 1లో లెక్కపెట్టిన ఐడిల్‌లలో కొన్ని ఇలా అవతలి మనిషే లేని కనెక్షన్లు.

పెట్టినవి:

1. రిపోర్ట్ సర్వీస్ కనెక్షన్‌లో కీపలైవ్స్_ఐడిల్ 60, కీపలైవ్స్_ఇంటర్వెల్ 10, కీపలైవ్స్_కౌంట్ 3. ఇవి సెకన్లు, చివరిది సంఖ్య.
2. అదే చోట టీసీపీ_యూజర్_టైమౌట్ 30000. ఇది మిల్లీసెకన్లు, పక్క పక్కనే ఉన్నా యూనిట్ వేరు.
3. పూల్_ప్రీ_పింగ్ ట్రూ, పూల్_రీసైకిల్ 240.
4. పీజీబౌన్సర్‌లో టీసీపీ_కీప్‌ఐడిల్ 60, టీసీపీ_కీప్‌ఇంటర్వెల్ 10, టీసీపీ_కీప్‌కౌంట్ 3. ఫైల్లో చివరి రెండింటి పేర్లు పొట్టిగా ఉంటాయి, డాక్యుమెంట్ చూసి రాయండి.

10 నిమిషాల పరీక్ష మళ్లీ చేస్తే జవాబు వెంటనే వచ్చింది. నెట్‌వర్క్ కేబుల్ పీకి చూస్తే సర్వర్ వైపు కనెక్షన్ ఒకటిన్నర నిమిషంలో పోయింది.

ఇప్పుడున్న వరస

వెబ్ రిక్వెస్ట్‌కి: లాక్ కోసం 5 సెకన్లు (మైగ్రేషన్ రోల్‌కి పెట్టిన 3 వేరు), పూల్‌లో చోటు కోసం 15, క్వెరీకి 20, ట్రాన్సాక్షన్ ఖాళీగా ఉండటానికి 30, ఎన్జినెక్స్‌కి 60. క్యూ, క్వెరీ రెండూ పూర్తిగా వాడుకున్నా 35, ఎన్జినెక్స్ కంటే తక్కువే.

ఖాళీ కనెక్షన్‌కి: జాంగో 60, పీజీబౌన్సర్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కి 240, ఫైర్‌వాల్ 300 పైచిలుకు, మనుషుల రోల్‌కి 1,800.

మిగిలినది ఒకటుంది. ఒక ట్రాన్సాక్షన్ లోపల చిన్న చిన్న క్వెరీలు ఆగకుండా నడిపే లూప్ ఉంటే స్టేట్‌మెంట్_టైమౌట్‌కీ దొరకదు, ఐడిల్ టైమౌట్‌కీ దొరకదు. మా సీజన్ ముగింపు అద్దె లెక్క సెలరీలో అలాగే నడుస్తుంది, దాని ట్రాన్సాక్షన్ 22 నిమిషాలు తెరిచే ఉంటుంది. దీనికోసం పోస్ట్‌గ్రెస్ 17లో ట్రాన్సాక్షన్_టైమౌట్ వచ్చింది. వెర్షన్ మార్పు సీజన్ అయ్యాకే. ఈలోగా ఆ లెక్కను ఒక్కో కోల్డ్ స్టోరేజీకి ఒక్కో ట్రాన్సాక్షన్‌గా విడదీస్తున్నాం. మొదటిది టెస్ట్‌లో 50 సెకన్లలో ముగిసింది.